ఫర్నేస్ తలుపు

డులుత్, నవంబరు 14

ఏమండీ, ఇల్లు వెచ్చగానే ఉంది. ఓడ మీద మీరు కంగారు పడకండి.

సోమవారం నేలమాళిగలోకి దిగి, ఇల్లు వేడిచేసే ఫర్నేస్‌కు ఫిల్టర్ నేనే మార్చాను. పైకి వచ్చేసరికి హాల్లో ఇంటి వేడి చూపించే థర్మోస్టాట్ మీద అంకెలు మాయం. పక్కింటి ఇంగ్రిడ్ బ్యాటరీలు మార్చమంది. విప్పి చూస్తే అందులో అసలు బ్యాటరీలే లేవు! కరెంటు బోర్డులో స్విచ్చులన్నీ తీసి వేసినా లాభం లేకపోయింది. ఇల్లు చల్లబడిపోతుంటే మెకానిక్ డూఫ్రేన్‌ను పిలిచాను. ఆయన కిందికి దిగి ఫర్నేస్ తలుపును మోకాలితో గట్టిగా ఒక్కటి పొడిచాడు. టక్కుమంది, పైన అంకెలు వెలిగాయి.

"తలుపు సరిగ్గా పడకపోతే లోపలి స్విచ్చి కరెంటు ఆపేస్తుంది మేడమ్. మీ ఆయన చెప్పలేదా?" అన్నాడు.

ఫిల్టర్ మార్చినప్పుడల్లా మీరు ఆ తలుపును తన్నడం, "పాపం, దానిమీదెందుకండీ మీ కోపం!" అని నేను పైనుంచి అరవడం. ముప్పై ఏళ్లు తిట్లు తిన్నారే గాని, ఒక్క ముక్క చెప్పారా?

మంచు తీసే పార ఎక్కడ పెట్టారు? ఊలు మేజోళ్లు పంపనా? ఇంగ్రిడ్ మిమ్మల్ని అడిగానని చెప్పమంది.

త్వరగా రండి. ఆ తలుపును ఎన్ని తన్నులైనా తన్నండి, నేను నోరెత్తితే ఒట్టు.

మీ
వెర్నా