ఎస్తేరు పాట వెళ్లింది

ఎస్తేరూ,

నీ పాట వీడియో విశాఖ సంగీత కాలేజీకి పంపాను. మెయిల్‌లో జతచేస్తే వెళ్లలేదు. ఇరవై ఐదు ఎంబీ దాటితే తీసుకోదట, నీది మూడు వందలుంది. అందుకే నీ గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపాను. సిగ్నల్ కోసం పొద్దున్నే చర్చి మెట్ల మీద గంటన్నర కూర్చున్నాను. డ్రైవ్‌లోంచి ఆ ఫైలు తీసెయ్యకు, తీస్తే వాళ్లకి తెరుచుకోదు. అన్నం వండాను, కూర నువ్వు చేసుకో.

ఒక మాట చెప్పాలి. మెయిల్ వెళ్లలేదని నాకు నిన్ననే తెలుసు. దరఖాస్తు గడువు ఈరోజుతో సరి అని తెలిసినా నీకు చెప్పలేదు. చెప్పకుండా సంతోషించాను. చర్చిలో ఆరేళ్లు ముందు వరసలో పాడింది నేను. మొన్న పాస్టరమ్మ నాతోనే అంది, "మీ సెల్లి పాడితే సాలమ్మా, ఇంకెవులూ అక్కర్నేదు" అని. అప్పట్నుంచి నీ పాట వినబుద్ధి కాలేదు.

పొద్దున సరిగ్గా రికార్డయిందో లేదో చూద్దామని వీడియో తెరిచాను. రెండో చరణంలో నువ్వెళ్లిన ఎత్తుకి నేను ఎప్పటికీ వెళ్లలేను. నాలుగుసార్లు విని, పంపేశాను.

జి.మాడుగుల జీపు వచ్చింది, డ్యూటీకి వెళ్తున్నాను.

అక్క

కాలేజీవాళ్లు పిలిస్తే ముందు నాకు చెప్పు. అమ్మ నోట వినలేను.