పెట్టె తప్పు కాదు

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని ఎప్పటిలాగే రాయబోయి కలం ఆపాను. ఇల్లూ, చిట్టీ క్షేమమే. నా సంగతి కింద రాస్తాను. ఓడ మీద మీరు కులాసాగా ఉన్నారనీ, వేళకు తింటున్నారనీ నమ్ముతున్నాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. వంటగది కుళాయి బాగైంది. చిట్టికి ముందు పన్ను ఊడింది. "నాన్న చూసేదాకా కొత్త పన్ను రాకూడదు" అని మొండికేసి కూర్చుంది. మొండితనం ఎవరి పోలికో నేను చెప్పను.

"రేడియో స్టేషన్లో నీ పెట్టె దారికొచ్చిందా?" అని కూడా అడిగారు. పోయిన ఉత్తరమంతా దాన్ని తిట్టిపోశాను కదా. ప్రసారానికి వెళ్లే ప్రతి శబ్దాన్నీ ఆ పెట్టెలో విని, బాగుందో లేదో చెప్పడమే నా ఉద్యోగం. ఏ స్టూడియో వినాలో ఎంచుకునే బటన్లు, శబ్దం పెంచే నాబ్, ఎడమవైపు మాత్రమే, కుడివైపు మాత్రమే వినిపించే రెండు బటన్లు, శబ్దాన్ని బట్టి ఎక్కీ దిగే పచ్చ, ఎర్ర దీపాలు. దాని ముఖమంతా నాకు కళ్లు మూసుకున్నా తెలుసు.

ఆ రోజు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎడమ బటన్ నొక్కితే దీపాలు గంతులేస్తున్నాయి గానీ చప్పుడు లేదు. వైర్లు మార్చాను, హెడ్‌ఫోన్లు మార్చాను. రిపేరు మనిషి వచ్చి విని, "నాకు బాగానే వినిపిస్తోంది మేడం" అన్నాడు. "నీ చెవులకు అన్నీ బాగానే ఉంటాయిలే" అని కసిరి, పెట్టెను వర్క్‌షాపుకు పంపించాను. ఇంట్లో చెవి దిబ్బడగా ఉంటే జలుబు అనుకున్నాను.

వారం పోయాక పెట్టె తిరిగొచ్చింది. హడావిడిలో హెడ్‌ఫోన్లు తిరగేసి పెట్టుకుని ఎడమ బటన్ నొక్కాను. కుడి చెవిలో శుభ్రంగా వినిపించింది. కుడి బటన్ నొక్కాను. ఏమీ లేదు. మళ్లీ తిప్పి పెట్టుకున్నాను, మళ్లీ తిరగేశాను. ఎటు తిప్పినా నిశ్శబ్దం నా ఎడమ చెవిని వదల్లేదు. ఇన్నాళ్లూ పెట్టె తప్పు కాదండీ. నా ఎడమ చెవి పోయింది.

డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి, "ఉన్నట్టుండి వినికిడి పోతే ఆ రోజే రావాలమ్మా. వెంటనే మందులిస్తే కొంతైనా వచ్చేదేమో. ఇప్పుడు కష్టం. వారమంతా ఏం చేశారు?" అన్నారు.

"పెట్టె బాగుచేయించానండీ" అన్నాను.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నేను ఆడగలను కాబట్టే మద్దెలను అనుమానించాను. ఇన్నేళ్లలో నా చెవులు ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు మరి.

మా ఆఫీసరుగారు మంచివారు. తలుపు దగ్గరగా వేసి, "రెండువైపులనూ కలిపి వినిపించే మోనో బటన్ ఉందిగా. అది నొక్కుకుని కూర్చోమ్మా, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"నాకు తెలుస్తుంది సార్. నాటకంలో తలుపు ఎటువైపు తెరుచుకుందో తెలియకుండా నేను ఎలా పంపను?"

సోమవారం నుంచి పాత రికార్డింగుల గదిలో పని. ఆ కుర్చీలోంచి లేచేటప్పుడు ఏడ్చాను. అందరి ముందే ఏడ్చాను.

ఫోన్లో చెప్పలేకపోయాను, ఏమీ అనుకోకండి. చిట్టికి ఇంకా చెప్పలేదు. పడుకునే ముందు ఎడమ చెవిలో ఏదో రహస్యం ఊదుతుంది, నేను తలూపుతాను. రేపు చెబుతాను. మీరూ అంతేగా, ఎప్పుడూ నా ఎడమ పక్కన పడుకుని, దీపం ఆర్పాక గుసగుసగా ఊసులు చెబుతారు. ఈసారి వచ్చాక కుడి పక్కకు రండి. గోడ వైపు మీకు ఊపిరాడదని నాకు తెలుసు. అందుకే నిన్న మంచాన్ని ఒక్కదాన్నే గోడ నుంచి ఇవతలకు లాగాను.

ఇట్లు,
మీ రాక కోసం చూసే
చిట్టి వాళ్లమ్మ