మూలింటి నీళ్ళు

జూన్ 3, సోమవారం

మా అమ్మాయి తన కొరియర్ ఆఫీసులో మిగిలిపోయిన డైరీ ఒకటి తెచ్చి ఇచ్చింది. నీ భయాలన్నీ పొద్దున్నే నా చెవిలో పోయకమ్మా, ఇందులో రాసుకో, దీనికి బీపీ రాదు అంది. నాది ఐదో తరగతితో ఆగిన చదువు. ఒత్తులు ఎక్కడ పడితే అక్కడ పడతాయి. ఎవరు చూడొచ్చారు.

ఇవాళ్టి భయాలు. గ్యాస్ కట్టానా లేదా. అమ్మాయి బండి బ్రేకులు సరిగా పడుతున్నాయా. మేడ మీద పాప మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోదు. వాళ్ళమ్మ టైలరు. భర్త లారీ మీద వెళితే ఎప్పటికి వస్తాడో తెలియదు. మధ్యాహ్నాలు ఆమె మిషను తొక్కుకుంటే పాప నా దగ్గర ఉంటుంది. నన్ను అమ్మమ్మా అంటుంది. సొంత మనవలు లేని లోటు దానితో తీరింది.

జూన్ 6, గురువారం

వార్డు మీటింగుకు అమ్మాయి బలవంతాన తీసుకెళ్ళింది. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ చిన్నదే. ఇక నుంచి ఆఫీసులో దాచేది ఏమీ ఉండదట. ఏ వీధిలో నీళ్ళు ఎలా ఉన్నాయో టెస్టు చేసి వెబ్‌సైట్‌లో పెడతారట. ఫోన్లు చూడలేని వాళ్ళ కోసం మార్కెట్ దగ్గర పెద్ద స్క్రీన్ కూడా పెడతారట. బాగుంటే ఆకుపచ్చ, బాగా లేకపోతే ఎరుపు. ఎవరైనా మైకు పట్టుకుని అడగొచ్చు, ఇది మీ ప్రభుత్వం అంది.

ఎదురింటి రిటైర్డ్ మాస్టారు ఊరుకోరుగా. ఇన్నాళ్ళూ నీళ్ళే కనబడేవి కావు, ఇకమీదట రిపోర్టులైనా కనబడతాయన్నమాట అన్నారు. అందరూ నవ్వారు. ఆఫీసరమ్మ కూడా నవ్వింది.

మా వీధికి శాంపిల్ మా ఇంట్లోనే తీస్తారట. మూలిల్లు కదా, పైపు ముందు మా కొళాయికే వస్తుంది. మా డోర్ నంబర్ కూడా స్క్రీన్ మీద వేస్తారట. చప్పట్లు కొట్టారు. కరెంటు బిల్లువాడు తప్ప మా నంబర్ ఎవడూ చదివి ఎరగడు.

జూన్ 10, సోమవారం

సీసాల మనిషి వచ్చాడు. శాంపిల్ తీసుకెళ్ళడానికట. నడివయసు మనిషి, భుజాన ఐసు పెట్టె. కొళాయి తిప్పాడు. గాలి వచ్చింది. మా నీళ్ళు తెల్లారుజామున వచ్చి పోతాయి. అతను ఆఫీసులో సంతకం పెట్టి బయల్దేరేసరికి పది దాటుతుంది. మామ్మగారూ, పట్టి పెట్టుకున్నవి ఉంటాయిగా, అవే పొయ్యండి, నీళ్ళు ఎక్కడివైనా నీళ్ళే అన్నాడు.

బకెట్లో పొద్దున్న పట్టినవి ఉన్నాయి. అడుగున ఎర్రగా మడ్డి. బిందెలో కాచి, బట్టలో వడగట్టినవి ఉన్నాయి. ఎవరేమన్నా నేను కాచందే తాగను, తాగనివ్వను.

నా చెయ్యి బిందె మీదికే పోయింది. గడప తొక్కిన మనిషికి మడ్డి నీళ్ళు ఎలా పోస్తాం. పైగా స్క్రీన్ మీద మా ఇల్లు.

సీసా నింపుకుని, తనూ ఒక గ్లాసు తాగాడు. ఇంత తేట నీళ్ళు ఏ ఇంట్లోనూ చూడలేదన్నాడు. నాకు సంతోషమే అనిపించింది. ఆ మాట దాచి ఎందుకు అబద్ధం రాయాలి.

జూన్ 13, గురువారం

ఆకుపచ్చ!

పాపను చంకనేసుకుని మార్కెట్ దాకా నడిచాను. అమ్మమ్మా, మన ఇల్లు టీవీలో వచ్చింది అని అరిచింది. కూరగాయల ఆమె కూడా తల తిప్పి చూసింది. నా పెళ్ళిలో కూడా నన్ను ఇంతమంది చూడలేదు.

రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో రాయను.

జూన్ 17, సోమవారం

మళ్ళీ వచ్చాడు. బిందెలోవే పోశాను. ఈసారి బిందె ముందే తోమి పెట్టుకున్నాను.

జూన్ 21, శుక్రవారం

మేడ మీద నీళ్ళు కాచడం మానేశారు. పాప నోటి వెంట తెలిసింది. పైకి వెళ్ళి అడిగాను. టైలరమ్మ నోట్లో పిన్నులు పెట్టుకునే నవ్వింది. పిన్నిగారూ, బోర్డు మీద వాళ్ళే వేశారు, మన వీధి నీళ్ళు భేషని. సిలిండర్ నాలుగు రోజులు ఎక్కువ వస్తుంది. మీరు నిప్పు కూడా కడిగి పొయ్యిలో పెట్టే రకం, మీతో నేను పడలేను అంది.

కాచుకోవే తల్లీ అన్నాను. ఎందుకని అడిగింది. ఎందుకో చెప్పడానికి నోరు తెరిచాను. జాకెట్టు కొలతలివ్వడానికి ఎవరో వచ్చారు. దిగి వచ్చేశాను.

వచ్చిన వాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ ఎక్కొచ్చు. ఎక్కలేదు.

జూన్ 27, గురువారం

పాపకు జ్వరం. ఎండలో ఆడి ఉంటుంది అనుకుంటున్నాను. అనుకోవాలని అనుకుంటున్నాను.

జూలై 1, సోమవారం

టైఫాయిడ్ అట. ఆసుపత్రిలో పెట్టారు. మాస్టారి భార్యకు కూడా అదే. వీధి చివర ఇంకెవరికో కూడా.

సీసాల మనిషి మామూలుగా వచ్చాడు. నేను బకెట్ పట్టుకునే నిలబడ్డాను. ఇవాళ ఇవే పొయ్యాలి అనుకున్నాను. అతను నన్ను దాటుకుని వెళ్ళి బిందె మూత తీశాడు. మీకెందుకు మామ్మగారూ శ్రమ, నాకు చోటు తెలుసుగా అన్నాడు. చూస్తూ ఊరుకున్నాను.

బకెట్ ఇంకా గుమ్మంలోనే ఉంది.

జూలై 4, గురువారం

ఆసుపత్రికి వెళ్ళాను. పాప చెయ్యి అగ్గిపుల్లలా ఉంది. సూది గుచ్చిన చోట ప్లాస్టర్. నన్ను చూసి నవ్వబోయి మానేసింది.

ఏం నీళ్ళు తాగుతోంది అని డాక్టరు అడిగాడు. టైలరమ్మ ఫోన్ తీసి చూపించింది. చూడండి సార్, మా వీధి ఆకుపచ్చే, ఇవాళ కూడా ఆకుపచ్చే అంది. అయితే బయటి ఐస్‌ఫ్రూట్లు పెట్టి ఉంటారు, మీకు ఓపికలుండవు, పిల్లల్ని బండ్ల మీది తిండితో పెంచుతారు అన్నాడు. పెట్టలేదు సార్ అని ఏడ్చింది. అన్నీ నేను ఆ మంచం పక్కనే నిలబడి విన్నాను.

జూలై 6, శనివారం

అమ్మాయికి చెప్పాను. అన్నం ముందు కూర్చున్నది లేచి చెయ్యి కడుక్కుంది. కంచం తీసుకెళ్ళి మూత పెట్టింది. తిట్టినా బాగుండేది.

చివరికి అంది. గ్యాస్‌కి భయపడ్డావు, బ్రేకులకి భయపడ్డావు, రెయిలింగ్‌కి భయపడ్డావు. భయపడాల్సిన ఒక్క చోట మాత్రం ఎందుకు భయపడలేదమ్మా అంది.

భయపడ్డాను. మనుషులకి భయపడ్డాను. అది చెప్పలేదు.

మంగళవారం మీటింగు ఉందట. నేను చెప్పనా, నువ్వు చెబుతావా అంది. నేనే అన్నాను.

జూలై 9, మంగళవారం

ఆఫీసరమ్మ గోడ మీద బొమ్మ వేసి చూపించింది. అన్ని వారాలూ ఆకుపచ్చే. డేటా మీ కళ్ళ ముందే ఉంది, మేం ఏదీ దాచలేదు, జబ్బు బయటి తిండి వల్ల వచ్చి ఉంటుంది, తల్లులు జాగ్రత్త పడాలి అంది. అందరూ టైలరమ్మ వైపు చూశారు. ఆమె తల దించుకుంది.

నేను లేచాను. మైకు కీచుమంది. మూలింట్లో ఉండేది నేనే అన్నాను. మీరు చూపించేవి వీధి నీళ్ళు కావు, నా బిందెలోవి, కాచి వడగట్టినవి అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను. గడప అనీ, మడ్డి అనీ, పరువు అనీ. వెనక నుంచి ఎవరో, పెద్దావిడ కదా, మతిమరుపు అన్నారు. మతిమరుపు కాదు నాయనా, మతి ఉండే చేశాను అన్నాను.

ఆఫీసరమ్మ సీసాల మనిషిని నిలబెట్టింది. కొళాయి దగ్గర పట్టాలని తెలియదా అంది. పదింటికి హాజరు పడకపోతే జీతం కోస్తారు మేడమ్, పదింటికి ఆ కొళాయిలో గాలే వస్తుంది అన్నాడు. ఆమె కాగితం మీద ఏదో రాసుకుంది.

మాస్టారు ఇవాళ జోకు వేయలేదు. మీ ఇంటి పరువు కోసం మా ఇంటిదాన్ని మంచాన పడేశారండీ అన్నారు, మెల్లగా. టైలరమ్మ ఆసుపత్రి సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

జూలై 12, శుక్రవారం

మా ఇంటి ముందే తవ్వారు. మురుగు పైపు పగిలి ఉంది, దాని కింద మంచినీళ్ళ పైపు చిల్లు పడి ఉంది. అక్కాచెల్లెళ్ళలా ఆనుకుని ఉన్నాయి. వీధి అంతా వచ్చి చూసింది. ముక్కుకు గుడ్డ పెట్టుకుని నన్నూ చూసింది.

సాయంత్రం సీసాల మనిషి వచ్చాడు. పెట్టె లేదు. ఉద్యోగంలోంచి ఆపారట. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. గుమ్మం బయటే నిలబడి, మీ నీళ్ళు నేనూ తాగాను కదా మామ్మగారూ, నాకేం కాలేదు, అదే ఆలోచిస్తున్నాను అన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

జూలై 15, సోమవారం, తెల్లారకముందు

శాంపిల్‌కు కొత్తమ్మాయి వచ్చింది. కొళాయి దగ్గరే పట్టింది. నేను చేతులు రెండూ కొంగులో చుట్టుకుని దూరంగా నిలబడ్డాను.

జూలై 18, గురువారం

ఎరుపు.

ఇకనైనా అందరూ కాచుకుంటారు. పైపు మార్చేదాకా అని ట్యాంకర్ కూడా వచ్చింది. మంచిదే. అయినా స్క్రీన్ కింద నిలబడి ఆ ఎర్ర నంబర్ చూస్తుంటే, కొంగుతో తుడవాలనిపించింది. ఈ బుద్ధి ఎప్పటికి పోతుందో.

జూలై 24, బుధవారం

పాప ఇంటికి వచ్చింది. రెయిలింగ్ పట్టుకుని దిగింది. దాహం అంది. కాచినవే గ్లాసులో పోసి ఇచ్చాను.

తీసుకోలేదు. మెట్ల మీద నిలబడ్డ వాళ్ళమ్మ వైపు చూసింది.

గ్లాసు నా చేతిలోనే ఉంది.