దాచిపెట్టిన ఛార్జి

లిలువా (హౌరా), శుక్రవారం

ఒళ్లు హూనమైపోయింది. అయినా రాయకపోతే నిద్ర పట్టదు.

పోయిన నెల డాక్టరుగారు మా ఆయన పార్కిన్సన్స్ గురించి వివరంగా చెప్పారు. మెదడులో కదలికల్ని నడిపే కణాలకి శక్తి తయారుచేసి ఇచ్చేవి మైటోకాండ్రియా అట. ఈ జబ్బులో అవి నీరసిస్తాయట. అదొక్కటే కారణమని చెప్పలేమనీ అన్నారు. రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు బోగీల బ్యాటరీలు చూసిన మనిషికి అందులో ఒక్క ముక్కే వినబడింది.

"నా బ్యాటరీ దిగిపోనాదే. ఉన్న ఛార్జి దాసుకోవాల," అన్నారు.

ఆ రోజు నుంచి కుర్చీ దిగలేదు. నేనూ నమ్మాను. చొక్కా గుండీలు పెట్టడం దగ్గర్నుంచి అన్నం కలిపి తినిపించడం దాకా అన్నీ నేనే.

ఈరోజు మళ్లీ చూపిస్తే కాళ్లు ఇంకా బిగుసుకుపోయాయన్నారు. "మాశీమా, మీరే కూర్చోబెట్టి పాడుచేస్తున్నారు. నడవనివ్వండి, ఆయన పనులు ఆయన్నే చేసుకోనివ్వండి," అని డాక్టరుగారు బెంగాలీలో, పిన్నీ అని పిలుస్తూనే, కోప్పడ్డారు. నెలంతా నేను చేసింది సేవేనా...

సాయంత్రం కుక్కర్ పెట్టి వచ్చి అడిగాను. "యార్డులో వాడకుండా ఒగ్గేసిన బోగీ బ్యాటరీ ఏటవుద్దండీ?"

"సచ్చిపోద్ది," అన్నారు.

తర్వాత చొక్కా మారుస్తుంటే నా చేయి పక్కకి తోసి, గుండీ తనే పట్టుకున్నారు. అది ఒక్కటి పడేసరికి కుక్కర్ మూడు కూతలు కూసింది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఈ నెలంతా చేసిన చాకిరీలో ఇంత కష్టమైన పని లేదు.

ఇంకా నాలుగు గుండీలు ఉన్నాయి.