దినాల పైసలు

అక్కా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఇవాళ మోకాళ్ల నొప్పికి లింగంపేట నుంచి కామారెడ్డి దవాఖానకు పోయాను. "గుండె గట్టిగున్నదవ్వా, ఇంక ఇరవై ఏండ్లు బతుకుతవ్" అన్నాడు డాక్టరు. సంతోషించాల్సింది పోయి, బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను. మనిద్దరం బీడీలు చుట్టి, చచ్చాక పెట్టే దినాల భోజనాలకు దాచుకున్నాం గానీ, ఇంతకాలం బతకడానికి దాచుకున్నామా?

ఇంటికి రాగానే దినాల పైసలు దాచిన డబ్బా తెరిచి, మోకాళ్ల వైద్యానికని పైసలన్నీ తీశాను.

"మరి నీ దినాలెట్ల అత్తమ్మా?" అంది కోడలు.

"పోయినంక నాకాకలైతదా?" అన్నాను.

నీ దినాలకు వాడకట్టంతా కడుపునిండా తిన్నారక్కా. ఆ పైసల్లోంచి నీ దగ్గుకు ఒక్క సీసా మందు కొననివ్వలేదు నువ్వు.