వాగు గట్టున ఇసుక కుప్ప

నువ్వు పోయి రేపటికి ఏడాది అక్కా. అక్కడ అమ్మ దగ్గు తగ్గిందా? నాన్న ఆయాసం? నీ మోకాళ్ళు?

ఇక్కడ కాలిఫోర్నియాలో పాత గనుల పక్క వాగులో సరదాకి బంగారం కడుగుతారు. ఆదివారం అల్లుడు తీసుకెళ్ళాడు. నాన్న కంసాలి కొట్టు ఊడ్చిన దుమ్ము మనం కడిగినట్టే, గట్టున పారబోసి ఉన్న ఇసుకను ఇనప పళ్ళెంలో వేసి తిప్పాను. నాలుగు బంగారు నలుసులు మెరిశాయి. తీరా అది ఒకతను కడగడానికి తవ్వి పెట్టుకున్న కుప్పట. పార ఎత్తి నా మీదికొచ్చాడు. అల్లుడు అడ్డం వస్తే దెబ్బ కంటి మీద పడి నెత్తురు చిమ్మింది. ఆ పళ్ళెంతోనే వాడి మొహం మీద పన్ను ఊడేదాకా బాదాను.

"వర్రీ అవకండి అత్తయ్యా, మీ చారులో పప్పు వెతకడానికి ఒక కన్ను చాలు" అంటాడు ఆసుపత్రిలో.

ఆ కన్ను ఉందో పోయిందో శుక్రవారం పదింటికి కట్టు విప్పితేగాని తెలియదట. నేనూ వస్తానన్నాను.