నడిగది దూలం

పొద్దున ఆరింటికి నడిగది దూలం నుంచి పిండి రాలింది. పుచ్చు పురుగు చావలేదు.

మీరు రాగానే అత్తయ్య మంచం వంటింట్లోకి మార్చండి. నేను చెబితే, "పిండే కదమ్మా, నీకు రుబ్బే పని తప్పింది" అంటున్నారు. మీరు చెబితే వింటారు. దూలం కింద గుంజ నిలబెట్టేవరకు ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి. గుంజ కోసమే కలప అడితికి వెళ్తున్నాను.

మీ తమ్ముణ్ణి అడిగాను. ఈ దూలానికి తెచ్చిన తెగులు చెట్టు కలపను పురుగు చావాలని వేడి గదిలో పెట్టినప్పుడు, వేడి కొలిచే ముల్లును దూలం లోపలికి దించలేదట. కన్నం పెడితే మన ఇంటి దూలం పాడవుతుందని పక్కనున్న పలచటి చెక్కకు గుచ్చాడు. చెక్క కాగగానే, దూలం లోపలికి వేడి చేరకముందే మంట ఆపేశాడు. "పురుగులన్నీ వేపుడైపోయాయి వదినా" అన్నది ఆ రోజే. తమ్ముడు చేశాడంటే మీరు మళ్ళీ చూడరు.

అతన్ని తిట్టకండి. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

దూలాన్ని వేలితో తట్టాను. బోలు చప్పుడు గోడ దగ్గర మొదలై మధ్య దాకా వస్తోంది.

ఇంకోమాట. ఇది రాస్తుండగానే, ఊడ్చిన చోట మళ్ళీ పిండి రాలింది. అత్తయ్య దాని కిందే నిద్రపోతున్నారు.